బొట్టున్న ఫోటో

"అప్ప పోయిందమ్మా. నాలుగు నెల్లయిపోనాది."

చేపలావిడ గంప దించుతూ అంది ఆ మాట. కానాగంత చేపలున్నాయా అని అడిగితే ఇవాళ లేవమ్మా అన్నంత మామూలుగా అంది. నాకు ఒళ్లు మండింది. వారానికి రెండుసార్లు మా కూర్మన్నపాలెం ఇంటి గుమ్మంలో కూర్చుని, చేపలు కోసిచ్చి వెళ్లే మనిషి, నాలుగు నెలలుగా ఈ కబురు కడుపులో పెట్టుకుని ఎలా తిరిగింది? అదే అడిగాను.

"మీకు తెలుసనుకున్నాను. అయినా మీకేటవుద్దని?" అంది.

నిజమే, నాకేమవుతుంది? చుట్టం కాదు, పక్కం కాదు. కులం ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. వాళ్ల చేపలవాళ్ల పేటంతా ఆవిణ్ణి అప్ప అనేవారు. అప్పంటే వాళ్ల మాటలో అక్క. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అప్పా అనే పిలిచేవారు. అసలు పేరు నాకు తెలుసు. ఎన్ని అర్జీల్లో సాక్షి సంతకం దగ్గర ఆవిడ వేలిముద్ర కింద ఆ పేరు టైపు కొట్టానో. కానీ ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు రాయమని నీకెవురు సెప్పారు, కాయితం సూపించు" అని ఎక్కడున్నా లేచి వచ్చేస్తుంది.

చేపలు తీసుకోకుండానే ఆ చేపలమ్మాయిని పంపించేశాను. తప్పు దానిది కాదని తర్వాత తోచింది; ఇన్నాళ్లూ అప్ప ఎలా ఉందని అడగనిది నేనే. కోపం రావాల్సిన చోటు అది కాదు.

నేను అప్పని మొదట చూసింది తొంభైల మొదట్లో. నాకప్పుడు ఇరవయ్యేడు. మాది గోదావరి వైపు. నాన్న పోర్టులో గుమస్తాగా చేరి ఇక్కడే ఉండిపోయాడు. నన్ను స్టీలు ప్లాంటు దగ్గర కాంట్రాక్టు పని చేసే మా వైపు అబ్బాయికే ఇచ్చి చేశారు. మూడేళ్లు తిరక్కుండా ఆయన కామెర్లతో పోయాడు. మళ్లీ నాన్న ఇంటికొచ్చి పడ్డాను. టైపు లోయరు పాసై ఉన్నాను కదా అని, మల్కాపురం వైపు ఒక సర్కారు ఆఫీసుకి ఎదురుగా, జిరాక్సు కొట్టు అరుగు మీద పాత మిషనొకటి పెట్టుకుని కూర్చున్నాను. ఏ ఆఫీసో చెప్పను. రేషను కార్డులు, ముసలివాళ్ల పెన్షన్లు, వితంతు పెన్షన్లు, ఇళ్ల స్థలాలు, అన్నీ అక్కడే తేలాలి, లేకపోతే అక్కడే మునగాలి. అర్జీలు కొట్టడం నా పని.

మొదటిరోజే అప్ప నాతో తగువు పెట్టుకుంది. ఒక ముసలాయన్ని వెంటేసుకుని వచ్చింది. పెన్షన్ ఆగిపోయిందట. నేను అలవాటు ప్రకారం టకటకా కొట్టి ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు.

"సదువు," అంది.

చదివాను. చివర్లో "దయతో కనికరించి నా పెన్షన్ ఇప్పించవలసిందిగా తమరిని వేడుకొనుచున్నాను" అని ఉంది.

"ఏడుకోడమేటి? ఆడేమైనా దేవుడా? తీసీ అది."

"అర్జీ అంటే అలాగే రాయాలండీ."

"అలగని ఏ కాయితంలో ఉన్నాది?"

నాకు ఏ కాగితంలో ఉందో తెలియదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అలా నేర్పారు, అంతే. మళ్లీ కొట్టాను. ఈసారి "కోరుచున్నాను" అన్నాను. ఆవిడకి అదీ నచ్చలేదు. "కోరుకోడం గుడికాడ. నాది నాకియ్యండి అని అడుగుతన్నాను అని రాయి." మూడోసారి కొట్టాక ఊరుకుంది. కాగితాలు మూడు పాడయ్యాయని నేను సణిగాను. "మీ గోదారోల్లు అండీ అండీ అని అడుగుతారు, ఆల్లు రేపండీ రేపండీ అని పంపిత్తారు" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాకు తిక్కగానే ఉంది. మర్నాటి నుంచి నా అర్జీల్లో "వేడుకొనుచున్నాను" అన్న మాట లేదు.

పొట్టి మనిషి. మోకాళ్లదాకా బిగించి కట్టిన చీర. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ కాల్చేది. నిప్పు లోపల ఉండగానే మాట్లాడేది, ఒక్క అక్షరం తడబడేది కాదు. చేపల గంప ఎప్పుడూ పక్కనే. ఆవిడొస్తే జిరాక్సు కొట్టాయన అగరొత్తి వెలిగించేవాడు. "పూజ మొదలెట్టీసావా నాయనా, మాకు పెసాదమెట్టు" అనేది.

ఆఫీసులో ఏ రూలు మారినా, నోటీసు బోర్డు మీదికి ఎక్కేలోగా ఆవిడ చెవికి ఎక్కేది. ఎలాగంటారా? ఆ ఆఫీసులో పనిచేసే సగం మంది ఇళ్లకి చేపలు ఆవిడే పోసేది. వెనక గుమ్మంలో కూర్చుని పొలుసు గీస్తూ, ఇంటావిడతో కబుర్లు. "మా ఆయన రాత్రి పొద్దుపోయి వచ్చారు, ఏదో కొత్త ఆర్డరొచ్చిందట, లిస్టులన్నీ మళ్లీ రాయాలట" అని ఇంటావిడ అంటే చాలు. ఏ లిస్టు, ఎవరి లిస్టు, ఎప్పటిలోగా అని చేప కోసేలోగా మొత్తం లాగేసేది. తిన్నగా నా దగ్గరికొచ్చి, ఆ ఆర్డరు కాపీ సంపాదించమని జిరాక్సు ఆయన పీకలమీద కూర్చునేది. కాపీ దొరికితే నేను రెండుసార్లు చదవాలి. కళ్లు మూసుకుని వినేది. ఆ తర్వాత నెంబరూ తేదీ నోటికొచ్చేసేవి. నేను మర్చిపోయిన జీవో నెంబర్లు ఆవిడ నాకు అప్పజెప్పేది.

సలహా అడిగిన వాళ్లకి చెప్పేది కొంచెమే. నోటితో చెప్పింది నీటి మీద రాత, కాగితమ్మీద అడుగు. రెండు కాపీలు తీసుకెళ్లు, రెండోదానిమీద ముద్ర వేయించుకునేదాకా గుమ్మం దిగకు. దండం పెట్టకు. సారు క్యాంపుకెళ్లారు అంటే ఏ ఊరు క్యాంపో, ఎప్పుడొస్తాడో అడిగి, చెప్పినవాడి పేరు కూడా అడుగు. ఒంటరిగా వెళ్లకు. ఫీజు తీసుకునేది కాదు. కానీ ఒక పద్ధతి పెట్టింది: నీ పని అయ్యాక నువ్వు ఇంకొకరికి తోడు వెళ్లాలి. పెన్షన్ పుస్తకం చేతికొచ్చినావిడ, తర్వాత అర్జీ పెట్టేవాళ్ల పక్కన నిలబడాలి. ఎగ్గొడితే పేటలో పరువు తీసేసేది.

అప్ప మంచిదని చెప్పడం లేదు. నోరు మహా చెడ్డది. బ్రోకరుకి డబ్బిచ్చి మోసపోయిన ఒక ముసలాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అది చాలా అన్యాయం, నేను ఆ మాట ఆవిడ మొహమ్మీదే అన్నాను. "ఏడవనీ. ఇంకొకడు ఇవ్వడు" అంది. జాలి ఆవిడ లెక్కలో చివర్న ఉండేది. అన్నీ గెలిచిందని కూడా కాదు. ఎంత తిరిగినా కానివి ఉన్నాయి, అయ్యేలోగా పోయిన మనుషులున్నారు.

దేవుడమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇదంతా దండగ.

దేవుడమ్మ అప్ప వాళ్ల పేట కోడలు. ముప్పై లోపు మనిషి, ఇద్దరు పిల్లలు. వాయుగుండం రోజుల్లో వేటకెళ్లిన పడవ తిరగబడి, మొగుణ్ణి కెరటం పట్టుకుపోయింది. పడవలో ఉన్న మిగతా ముగ్గురూ ఈదుకొచ్చారు. శవం ఒడ్డుకి రాలేదు. ఆ పేటలో వాడుక ఏమిటంటే, సముద్రంలో పోయినవాడి శవం కంటితో చూడందే పెళ్లాం బొట్టు తీయించరు, గాజులు పగలగొట్టరు. దేవుడమ్మ అత్త ముసల్ది. "నా కొడుకుని నాను సూడలేదు. సూసేదాకా దీని బొట్టు మీద ఎవురి సెయ్యీ పడ్డానికి లేదు" అని గుమ్మానికి అడ్డం కూర్చుంది. అలా దేవుడమ్మ ఎర్రటి బొట్టుతో, చేతినిండా గాజులతో, మొగుడు లేకుండా ఉంది.

పిల్లలు అన్నం తినాలి కదా. వితంతు పెన్షన్‌కి అర్జీ పెట్టింది. మరణ ధ్రువపత్రం ఏదీ అన్నారు. శవం లేకపోతే ధ్రువపత్రం లేదన్నారు. మనిషి కనబడకుండా ఏడేళ్లు గడిస్తేగాని పోయినట్టు లెక్క కాదు, రూలు అదీ అన్నారు. ఏడేళ్లు. పెద్దపిల్లకి అప్పటికి ఐదేళ్లు.

అప్ప అన్ని వెనక గుమ్మాలూ తిరిగింది. ఒక సూపర్నెంటు గారింట్లో వంజరం ముక్కలు కోస్తూ విందట, సముద్రంలో గల్లంతైన వాళ్ల విషయంలో ఏడేళ్లు ఆగనక్కర్లేదని, పడవలోని తోటివాళ్ల వాంగ్మూలం, పోలీసు కాగితం ఉంటే విచారణ చేసి పత్రం ఇవ్వొచ్చని కొత్తగా ఆర్డరొచ్చిందని. ఆ కాపీ పట్టుకోడానికి మూడు వారాలు పట్టింది. ఆ ముగ్గురు మగాళ్లనీ వేట మాన్పించి తీసుకొచ్చి నా అరుగు మీద కూర్చోబెట్టింది. వాళ్లు చెబుతూంటే నేను కొట్టాను. చెబుతూ చెబుతూ ఒకడు లేచి వెళ్లి రోడ్డుకి అటువైపు నిలబడ్డాడు. అప్ప వెళ్లి తీసుకొచ్చింది. మొత్తానికి కాళ్లరిగేలా తిరిగి పత్రం సంపాదించారు.

హమ్మయ్య అనుకున్నాం. అర్జీతో పాటు దేవుడమ్మ ఫోటో అంటించాం. ఫోటో తిరిగొచ్చింది. బొట్టూ గాజులూ ఉన్నాయి, విధవ పెన్షన్‌కి ఈ ఫోటో ఏమిటి, సరైన ఫోటో తెండి అని నోటితోనే చెప్పి పంపారు.

ఇక్కడ తప్పు చేసింది నేను. అప్ప ఆ రోజు రాలేదు, జ్వరం. దేవుడమ్మ ఒక్కతే నా బల్ల దగ్గర నిలబడి ఉంది. నాకు అది చాలా చిన్న సంగతిలా కనబడింది. ఒక్క నిమిషం పని. స్టూడియోకెళ్లి, బొట్టు తుడిచి, గాజులు తీసి ఫోటో దిగి, మళ్లీ పెట్టుకుంటే సరి. ఎవరికి తెలుస్తుంది? అన్నాళ్లు తిరిగిందంతా ఈ ఒక్క నిమిషం కోసం పోవాలా? అదే చెప్పాను. నేనే తీసుకెళ్లాను. నా చేతిరుమాలు తడిపి నేనే తుడిచాను. గాజులు తీసి దాని చేతికే ఇచ్చాను. ఫోటో అయ్యాక మళ్లీ పెట్టుకోమంటే, నా సంచిలో కుంకుమ ఉండదు కదా. బొట్టు లేదు కదా అని గాజులూ తొడుక్కోకుండా, కొంగు నుదుటి మీదికి లాక్కుని ఇంటికెళ్లింది.

గుమ్మంలో అత్త చూసింది, బోసి నుదురు, బోసి చేతులు. ముసల్ది ఇంకేమనుకుంటుంది? కొడుకు శవం దొరికిందనుకుంది. అక్కడికక్కడే కూలబడి కేక పెట్టింది. ఆ కేకకి వీధి వీధంతా లేచింది. సముద్రం ఒడ్డుకి మనుషులు పరిగెత్తారట, ఎక్కడ తేలాడు, ఎక్కడ తేలాడు అంటూ. దేవుడమ్మ చెప్పబోతే వినే నాథుడు లేడు. పిల్లలు చూస్తూండగా, పోయినవాడు రెండోసారి పోయాడు. సాయంత్రానికి గాని అది ఫోటో కోసమని తేలలేదు.

మర్నాడు అప్ప జ్వరంతోనే వచ్చింది. గంప లేదు, చుట్ట లేదు. ఆవిణ్ణి అలా చూడ్డం అదే మొదలు. స్టూడియోవాడి దగ్గర ఫోటోలు తీసుకుని వచ్చి, నా బల్ల మీద నాలుగు ముక్కలుగా చింపింది.

"ఎవురు సెప్పారు నీకు తుడవమని?"

"ఆఫీసువాళ్లు..."

"ఆల్లు సెప్పారు. నువ్వు తుడిసావు."

"ఒక్క నిమిషమే కదా అనుకున్నాను అప్పా. దాని మంచికే కదా."

ఆవిడ నా మొహం చూసింది. నుదురే చూసింది. "నీకెవురో తుడిసీసారని నువ్వు దానికి తుడుత్తావేటి?" అంది.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. మా ఆయన పోయిన పదోరోజున, అత్తగారి ఊళ్లో, నలుగురు ఆడవాళ్లు నన్ను తెల్లవారకముందే లేపి పెరట్లోకి తీసుకెళ్లారు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. నేను పెనుగులాడతానని కాదు, అదొక పద్ధతి. ఒకావిడ తడిగుడ్డతో తుడిచింది. ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. ఇది నేను అప్పకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే ఆవిడ అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను మీద కవరు కప్పేసి ఇంటికెళ్లిపోయాను. నాలుగు రోజులు వెళ్లలేదు. చేపలు అమ్ముకునేదానికి నా సంగతెందుకు అని నాన్న దగ్గర అరిచాను. నా బొట్టు తుడిచిన రోజు పెరట్లోకి ఆయన రాలేదు, బయట అరుగు మీద కూర్చున్నాడు. అదీ గుర్తుకొచ్చింది.

ఐదోరోజు వెళ్లాను. వెళ్లి, ఎవరూ అడక్కుండానే, ఒక్క వాక్యం కొట్టి పెట్టుకున్నాను. అప్ప వస్తే చదివి వినిపించాను. కళ్లు మూసుకుని వింది. "ఈ కాయితం రేపు అట్టుకురా" అంది. అంతే మా రాజీ.

మర్నాడు పదిన్నరకి అప్ప పన్నెండు మంది ఆడవాళ్లని తీసుకుని తిన్నగా ఫిషింగ్ హార్బరు నుంచి వచ్చింది. గంపలతో సహా. ఆఫీసు వరండా నీచు కంపుతో నిండిపోయింది. బంట్రోతు అడ్డొస్తే, "పెనసను అడగడానికొచ్చాం, సేపలు అమ్మడానికి కాదులే" అని పక్కకి జరిపి లోపలికెళ్లింది. వెనకాలే, నుదుటిన బొట్టుతో దేవుడమ్మ, నేను.

ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మా దేవుడమ్మ పోటో తిప్పి పంపించీసారంట బాబూ."

"బొట్టు పెట్టుకున్న ఫోటో పెట్టి విధవ పెన్షనంటే ఎలా ఇస్తామమ్మా? రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు."

"అయితే ముండమోసిందో లేదో మీరెలగ ఆనవాలు కడతారు, బొట్టు సూసేనా?"

"మరి ఇంకెలా కడతాం?"

అప్ప వెనక్కి తిరిగి గంపలవాళ్లందరినీ ముందుకి రమ్మంది. "సూడు బాబూ మొకాలు. పన్నెండు మంది. ఒక్కరికీ బొట్టు లేదు. అందరికీ రాసీ పెనసను."

అప్పుడు చూశాను నేను కూడా. నిజంగానే ఒక్కరి నుదుటిమీదా బొట్టు లేదు. చీకటితో లేచి హార్బరుకి వెళ్లేటప్పుడు పెట్టుకుంటారు. గంప నెత్తికెత్తుకున్నాక ఐసు నీళ్లు మొహం మీదికి కారుతూనే ఉంటాయి, కొంగుతో తుడుచుకుంటూనే ఉంటారు. తొమ్మిదయ్యేసరికి కుంకుమ బొట్టూ ఉండదు, స్టిక్కరూ ఉండదు. మధ్యాహ్నం ఇంటికెళ్లి స్నానం చేశాక మళ్లీ పెట్టుకుంటారు. ఏళ్లతరబడి రోజూ వాళ్లని చూస్తూ నేను గమనించలేదు. ఆయనా గమనించలేదు.

"ఇందులో మొగుడు పోయినోల్లు కొందరు, ఉన్నోల్లు కొందరు. ఏరు బాబూ. సరిగా ఏరితే దేవుడమ్మ పోటో నానే మార్పిత్తాను."

చుట్టూ గుమస్తాలు లేచి నిలబడి చూస్తున్నారు. ఏమీ అనకపోతే బాగుండదనుకున్నాడో ఏమో, ఆఫీసరు మూలగా నిలబడ్డ, వెలిసిన చీర కట్టుకున్న సన్నపాటి ఆవిణ్ణి చూపించాడు.

"నా మొగుడు బయటే ఉన్నాడు బాబూ. సైకిలు కాత్తన్నాడు. పిలవమంటారేటి?" అందావిడ.

గుమస్తాలు నవ్వారు. పక్కనున్నావిడ అందుకుంది: "నా మొగుడూ బతికే ఉన్నాడు బాబూ, రేతిరే కొట్టుకున్నాం. అయినా మీరిత్తానంటే ఏలిముద్దరెయ్యడానికి నాకేటి." ఈసారి బంట్రోతు కూడా నవ్వాడు. అప్ప మాత్రం నవ్వలేదు.

"నవ్వులాటకి రాలేదు బాబూ. బొట్టుంటే ఇవ్వొద్దని ఏ జీవోలో ఉన్నాదో నెంబరు సెప్పండి. దీని మొగుడు పోయాడని మీ గవర్మెంటే కాయితమిచ్చింది. దీని బొట్టు దీని అత్త ఇస్టం, దీనిస్టం. మీరేటి మద్దిన? మీకు పోటో ఎందుకు, మనిసిని గురుతట్టడానికి. బొట్టు తుడిసి పోటో తీత్తే, రేపు బొట్టుతో వచ్చినప్పుడు ఇది అది కాదు పో అంటారు."

"చూడమ్మా, రూలుంటే రూలు. లేకపోతే పద్ధతి..."

అప్ప నావైపు చూసింది. అంతవరకూ ఆ గదిలోకి నేను అడుగుపెట్టలేదు. ముందుకెళ్లి, కొట్టి తెచ్చిన కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. అందులో ఉన్నది ఇదే: దరఖాస్తుదారు ఫోటోలో బొట్టు, గాజులు ఉన్న కారణంగా ఆమె పెన్షన్ దరఖాస్తును తిరస్కరించడమైనది. కింద సంతకానికీ, ముద్రకీ ఖాళీ వదిలాను.

"సంతకం చేసివ్వండి. సోమవారం కలెక్టరు గారి దగ్గర అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ చూపిస్తాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అండీ అనడం మర్చిపోయాను.

ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. కలం తీశాడు, మూత పెట్టాడు. కాగితం మెల్లిగా నావైపు తోసేశాడు.

"ఆ పాత ఫోటోనే ఇచ్చి వెళ్లండి" అన్నాడు.

"రెండో కాపీమీద ముద్దరెయ్యండి" అంది అప్ప.

వేశాడు. ఆ పై నెలలో పుస్తకం వచ్చింది. అందులో దేవుడమ్మ రూపాయి కాసంత బొట్టుతో, గాజుల చెయ్యి గడ్డం కింద పెట్టుకుని సూటిగా చూస్తూంటుంది. స్టూడియోవాడు అలా పెట్టమన్నాట్ట. పద్ధతి ప్రకారం దేవుడమ్మ ఆ తర్వాత ఎంతోమందికి తోడొచ్చింది. వచ్చే పెన్షన్ ఎంతో చెబితే మీరు నవ్వుతారు. అయినా అది దానిది.

ఇంతటితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ రెండేళ్ల తర్వాత ఒకరోజు దేవుడమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. నుదుటిన బొట్టు లేదు. గంప నీళ్లకి పోయింది కాదు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేతులకి గాజులు లేవు. అప్ప అక్కడే మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఇదేంటే?" అన్నాను.

"ఆడు ఇంక రాడమ్మా" అంది. "వారం రోజులై ఆడి మొకం గురుతుకొత్తలేదు. ఎంత తలుసుకున్నా రాదు. అంటే ఎలిపోయాడనే కదా. నిన్న అత్తతో సెప్పి, ఇద్దరం ఒడ్డుకెల్లి తలమీద నీల్లోసుకున్నాం. పుస్తకంలో పోటో ఇప్పుడు మార్సాలేటి? పెనసను ఆపీత్తారేటి?"

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఎవరికోసం ఆ గదిలోకి వెళ్లి నిలబడ్డాం? ఇలా తీసేసుకునేదానికి అంత యుద్ధం దేనికి? అప్ప మీద విరుచుకుపడ్డాను, వినమ్మా నీ దేవుడమ్మ మాట అని.

అప్ప చుట్ట తీసి పక్కన పెట్టింది. "ఎవురు తీసారే?" అని అడిగింది.

"నానే తీసుకున్నానప్పా."

"అత్త తీయమన్నాదేటి?"

"లేదు. వొద్దన్నాది. నానే."

"అయితే సరే. పోటో అలగే ఉండనీ, ఎవుడాపుతాడో నాను సూత్తాను." తర్వాత నాకేసి తిరిగింది. "ఆల్లు తీయమంటే తియ్యలేదు. దానికి తియ్యాలనిపించింది, తీసుకుంది. నువ్వెందుకు ఏడుత్తావు?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. పెరడు గుర్తొచ్చింది, నా చేతులు పట్టుకున్న ఆ ఇద్దరి పేర్లు గుర్తొచ్చాయి. మా ఆయన ముఖం నాకు బాగానే గుర్తుంది, ఎడమ కనుబొమ్మ మీద గాటుతో సహా. దేవుడమ్మకి ఎప్పుడు తీయాలో తెలిసింది. నాకు తీయాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఆ మాట నాకు నేను చెప్పుకోడానికి అన్నేళ్లు పట్టింది.

మర్నాడు పొద్దున్న బొట్టు పెట్టుకున్నాను. నాన్న పేపర్లోంచి తలెత్తి చూశాడు. ఏదో అనబోయి, "గొడుగు తీసుకెళ్లు, వానొచ్చేలా ఉంది" అన్నాడు. జిరాక్సు కొట్టాయన నోరు తెరిచాడు. "ఏం?" అన్నాను. మూసుకున్నాడు. ఎదురాఫీసు కిటికీలోంచి ఇద్దరు గుమస్తాలు ఒకరినొకరు పొడుచుకుని చూశారు. నేనూ చూశాను. వాళ్లే ముందు తల తిప్పుకున్నారు.

అప్ప పది గంటలకి వచ్చింది. మొహమ్మీద కారుతున్న నీళ్లు కొంగుతో తుడుచుకుని, గంప దించి, నా ముఖం చూసింది. బాగుందనలేదు, బాగులేదనలేదు.

"కాయితమెక్కించు" అంది. "ముసలోల్ల పెనసనుకి మల్లీ రూలు మార్సీసారంట. మా పేటలో ఏడుగురి పేర్లు తీసీసారు."

మెట్టు మీద ఏడుగురూ ఉన్నారు. నేను కాగితం ఎక్కించాను.